భరత్‌పూర్ శరత్తు: పక్షుల లెక్కకు ఒక చరిత్ర

వానలు వెనుకబట్టి ఆకాశం తేటపడే వేళకు సైబీరియా మైదానాల నుంచి, మధ్య ఆసియా సరస్సుల నుంచి, టిబెట్ పీఠభూమి నుంచి నీటిపక్షులు గుంపులుగా భారతదేశానికి తరలివస్తాయి. వాటి రాకను గమనించి, తేదీ వేసి, జాతిని, సంఖ్యను రాసుకోవడం నేడు పక్షి ప్రేమికులకు ఎంతో ఇష్టమైన పని. ఈ అలవాటుకు మన దేశంలో ఒక విచిత్రమైన పూర్వచరిత్ర ఉంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పట్టణం అంచున ఉన్న చిత్తడినేల ఆ చరిత్రను రాతిమీదనే భద్రపరచింది.

కేవలాదేవ్ అన్న పేరు అక్కడి శివాలయాన్ని బట్టి వచ్చింది. స్థానికులు ఆ ప్రాంతాన్ని ఘనా, అంటే దట్టమైన అడవి, అని పిలుస్తారు. సుమారు 29 చదరపు కిలోమీటర్ల ఈ పల్లపు నేలకు మానవ ప్రయత్నం కూడా తోడై నేటి రూపం ఏర్పడింది. 18వ శతాబ్దంలో భరత్‌పూర్ పాలకుడు సూరజ్‌మల్ కాలంలో అజాన్ కట్ట నిర్మాణం జరిగింది. తరువాతి పాలకులు గట్లు వేసి, తూములు అమర్చి, వర్షాకాలపు నీటిని మడుగులుగా నిలిపారు. అయితే వారి ఉద్దేశం పక్షుల సంరక్షణ కాదు, బాతుల వేట. 1902 నుంచి వైస్రాయ్‌లకు, సంస్థానాధీశులకు ఇక్కడ వేట విందులు జరిగాయి.

ఆలయ సమీపంలోని శిలాఫలకాల మీద ఆ వేటల వివరాలు నేటికీ కనిపిస్తాయి. ఏ తేదీన, ఏ అతిథి గౌరవార్థం, ఎన్ని పక్షులు నేలకూలాయో అందులో వరుసగా చెక్కించారు. 1938 నవంబర్ 12న వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం చంపిన పక్షుల సంఖ్య 4,273. ప్రముఖ పక్షి శాస్త్రజ్ఞుడు సాలిం అలీ 1896లో జన్మించినది కూడా నవంబర్ 12వ తేదీనే. వేటగాళ్ల రికార్డుగా రాతికెక్కిన ఆ దినం నేడు ఆయన జయంతిగా పక్షి వీక్షకులకు పండుగ రోజయింది. తేదీ అదే, మారింది లెక్కించే చూపు.

ఆ మార్పు సులభంగా రాలేదు. స్వాతంత్ర్యానంతరం ఈ మడుగులను ఎండగట్టి సాగుభూమిగా మార్చాలన్న ఒత్తిడి వచ్చినప్పుడు సాలిం అలీ వీటి రక్షణకు కృషి చేశారు. 1956లో ఇది పక్షి సంరక్షణ కేంద్రమయింది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘం వారు పక్షులను వలల్లో పట్టి, కాళ్లకు సంఖ్యలున్న లోహపు ఉంగరాలు తొడిగి విడిచిపెట్టారు. వాటిలో కొన్ని సోవియట్ భూభాగంలో దొరకడంతో ఈ అతిథుల స్వస్థలాలకు రుజువులు లభించాయి. 1985లో ఈ వనం ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేరింది.

కాని లెక్కించినంత మాత్రాన రక్షించగలమా? ఈ ప్రశ్నకు సైబీరియా కొంగల కథ కఠినమైన సమాధానం చెబుతుంది. పశ్చిమ సైబీరియాలో గుడ్లు పెట్టి, అఫ్గానిస్తాన్ మీదుగా వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఈ శ్వేత పక్షులు ఏటా శీతకాలానికి భరత్‌పూర్ చేరేవి. 1964-65లో ఇక్కడ దాదాపు 200 కొంగలు కనిపించాయి. 1984-85 నాటికి అవి 41కి తగ్గాయి. 1992-93లో అయిదు మిగిలాయి. 2001-02లో వచ్చిన ఒక జంట తరువాత మరి రాలేదు. భరత్‌పూర్‌లో తుపాకులు మౌనం వహించినా, దారి పొడవునా వేట ఆగలేదు. ఒక మజిలీని కాపాడినంత మాత్రాన బాటసారికి భద్రత కలగలేదు.

మరొక పాఠం ఇరుగుపొరుగు గ్రామాల నుంచి వచ్చింది. 1982లో వనంలో పశువుల మేతను నిషేధించారు. ఆ నవంబర్‌లో నిరసనకు దిగిన గ్రామస్థులపై పోలీసు కాల్పులు జరిగి కొందరు ప్రాణాలు కోల్పోయారు. తరువాత బొంబాయి సంఘం సాగించిన దీర్ఘకాల అధ్యయనంలో వేరొక సత్యం బయటపడింది. గేదెలు మేయకపోవడంతో నీటి గడ్డి అడ్డూ ఆపూ లేకుండా పెరిగి మడుగులను కప్పివేసింది. చేపలకు, పక్షులకు చోటు తగ్గింది. పశువుల కాపరి పక్షికి శత్రువన్న భావన తప్పని తేలింది. కాని అప్పటికి పోయిన ప్రాణాలు తిరిగి రావు. అదే వనంలో సందర్శకులను దశాబ్దాలుగా తిప్పిన రిక్షా కార్మికులు పక్షులను పేరుపేరునా గుర్తుపట్టి చూపగల నిపుణులయ్యారు. స్థానికుల కన్నును విజ్ఞానంగా గుర్తిస్తే ఎంతటి మేలు కలుగుతుందో వారే నిదర్శనం.

ఈ శతాబ్దంలో నీటి కొరత కొత్త పరీక్ష అయింది. ఎగువన గంభీర్ నదిపై పాంచనా ఆనకట్ట వెలిశాక, రైతుల అవసరానికీ మడుగుల అవసరానికీ మధ్య పోటీ పెరిగింది. వాన చాలని ఏడాది శరత్తులో పక్షులు తక్కువగా దిగితే, వీక్షకుని పుస్తకంలోని ఆ చిన్న అంకె మన నీటి పంపకాన్ని గురించి కూడా చెబుతుంది. అందుచేత స్థానిక వీక్షకుడు రాసే ప్రతి తేదీ, ప్రతి సంఖ్య చరిత్రకు ఆధారమే. శిలాఫలకం మీది అంకె ముగిసిన వేటను చాటుతుంది. నోటు పుస్తకంలోని అంకె మన ముందున్న బాధ్యతను గుర్తు చేస్తుంది.