కెనడా బడుల్లో ఫ్రెంచి, మన ఇళ్లలో తెలుగు

ఫ్రెంచి అనగానే మన చుట్టాల్లో యానాం వాళ్లకు పాత దొరతనం గుర్తొస్తుంది. ఇది ఆ సంగతి కాదు. పిల్లలకు తెలుగు ఎట్లా నిలపాలి అని మాట వచ్చినప్పుడల్లా మా ఇంట్లో ఎవరో ఒకరు "కెనడాలో ఇమ్మర్షన్ బడులున్నాయి కదా" అంటారు. సరే, ఆ బడుల చరిత్రేమిటో చూద్దామని కూర్చున్నాం.

మాంట్రియల్ పక్కన సెయింట్ లాంబర్ట్ అని ఒక ఊరు. 1960లలో అక్కడి ఇంగ్లీషు పిల్లలు బడిలో ఏళ్లకేళ్లు ఫ్రెంచి పాఠం చదివినా, పక్కింటి ఫ్రెంచి వాళ్లతో నాలుగు మాటలు ఆడలేకపోయేవాళ్లు. క్విబెక్‌లో ఫ్రెంచికి బలం పెరుగుతున్న రోజులవి. ఓల్గా మెలికాఫ్ లాంటి తల్లులు స్కూలు బోర్డు వెంట పడ్డారు. బోర్డుకు పెద్దగా ఇష్టం లేదు. మెక్‌గిల్ యూనివర్సిటీ ప్రొఫెసరు వాలెస్ లాంబర్ట్ వాళ్లకు అండగా నిలిచాడు. చివరికి 1965 సెప్టెంబరులో చిన్నపిల్లల క్లాసు ఒకటి మొదలైంది. పాఠాలన్నీ ఫ్రెంచిలోనే. ఇంగ్లీషు చదవడం, రాయడం రెండో తరగతిలో గాని మొదలుపెట్టలేదు.

సొంత భాష పోతుందేమోనని అందరికీ భయమే. లాంబర్ట్, టక్కర్ కలిసి ఏటేటా పరీక్షలు పెట్టారు. మామూలు ఇంగ్లీషు క్లాసు పిల్లల్ని, ఫ్రెంచి పిల్లల్ని కూడా పక్కన పెట్టుకుని పోల్చి చూశారు (సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసేవాళ్లం కాబట్టి ఈ పద్ధతి మాకు భలే నచ్చింది). ఇంగ్లీషు ఏమీ పోలేదు. 1969లో అధికార భాషల చట్టం వచ్చింది, తర్వాత కేంద్రం డబ్బులిచ్చింది, ఇమ్మర్షన్ దేశమంతా పాకింది. లోపం లేకపోలేదు. వినడం, చదవడం బాగా వచ్చినా మాట్లాడేటప్పుడు, రాసేటప్పుడు పిల్లలు వ్యాకరణం తప్పేవాళ్లు. భాష చెవిన పడితే చాలదు, నోటితో వాడించాలి అని మెరిల్ స్వెయిన్ అనే పరిశోధకురాలు వాదించింది ఈ పిల్లల్ని చూసే.

మరి ఇంగ్లీషు ఎందుకు పోలేదు? ఇంట్లో, టీవీలో, దేశంలో ఎక్కువ ఉద్యోగాల్లో అదే గనుక. దానికి బడి కాపలా అక్కర్లేదు.

అదే కెనడాలో దీనికి తలకిందులైన కథ ఇంకోటుంది. ఆంటారియోలో ఇంగ్లీషు వాళ్లు ఎక్కువ, ఫ్రెంచి వాళ్లు తక్కువ. అక్కడి సర్కారు 1912లో రెగ్యులేషన్ 17 పెట్టి, ఫ్రెంచిలో చదువు చెప్పడాన్ని మొదటి రెండేళ్లకే కుదించింది. 1916 జనవరిలో ఒట్టావాలోని గీగ్ బడిలో డెలోజ్ అక్కచెల్లెళ్లు ఫ్రెంచిలో పాఠం చెబుతుంటే, పిల్లల తల్లులు టోపీ పిన్నులు చేతబట్టి వాకిలి దగ్గర కాపలా కాశారు. ఆ నిబంధన పట్టు సడలింది 1927లో. చాలినంతమంది పిల్లలున్న చోట సర్కారు ఖర్చుతో సొంత భాష బడి అనే హక్కు రాజ్యాంగంలో చేరింది 1982లో. ఇవి ఇమ్మర్షన్ బడులు కావు, వేరే.

కన్నడ మీడియంలో చదివిన మేము సెయింట్ లాంబర్ట్ పిల్లలం కాదు, ఈ ఆంటారియో పిల్లల వరస. కన్నడ మాకు చదువిచ్చింది, అన్నం పెట్టింది, దాని మీద ఏ ఫిర్యాదూ లేదు. అక్షరాలు దగ్గర కాబట్టి తెలుగు కూడబలుక్కుని చదవడం కూడా దాని పుణ్యమే. కానీ అవ్వ తెలుగులో అడిగితే మా పిల్లలు కన్నడలో బదులిస్తారు. అన్నీ అర్థమవుతాయి, నోరు తిరగదు. అందుకని పోయిన నెల నుంచి ఒక పని పెట్టాం. ఆదివారం అవ్వకు ఫోన్ చేసేది పిల్లలే, మధ్యలో మేము అందుకోం.