మారే బూటు నుంచి నడుముకు కట్టే సెన్సర్ దాకా

నడకను కొలిచే సెన్సర్లు స్మార్ట్‌ఫోన్ల కాలంలో పుట్టాయని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆ ఆలోచనకు 150 ఏళ్లు నిండాయి. ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త ఎతియెన్ జూల్ మారే 1873లో వెలువడిన పుస్తకంలో ఒక బూటును వర్ణించాడు. దాని అడుగున గాలి నిండిన రబ్బరు అర ఉంటుంది. పాదం నేలను నొక్కగానే ఆ ఒత్తిడి గొట్టం గుండా నడిచే మనిషి చేతిలోని యంత్రానికి చేరి, తిరిగే స్తూపం మీద ముల్లును కదిలిస్తుంది. ఏ పాదం ఎంతసేపు నేల మీద ఆనిందో ఆ గీతల్లో తెలిసిపోతుంది. కొలిచే సాధనాన్ని నడిచే మనిషికే తగిలించడం మారే చేసిన గొప్ప పని.

అంతకు ఐదేళ్ల ముందే, 1868లో, పారిస్‌లోని సాల్‌పెట్రియేర్ ఆసుపత్రిలో నరాల వైద్యుడు షార్కో, నడకను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లీరోసిస్‌ను ప్రత్యేక వ్యాధిగా వివరించాడు. ఆయన శిష్యుడు జిల్ ద లా తూరెత్ 1886 నాటికి రోగుల అరికాళ్లకు తుప్పు రంగు పొడి పూసి, పొడవాటి కాగితం మీద నడిపించి, అడుగుల ముద్రలు తీసుకున్నాడు. అయినా వైద్యంలో చివరికి స్థిరపడినవి దూరం, గడియారమే. మల్టిపుల్ స్క్లీరోసిస్ వల్ల కలిగే వైకల్యాన్ని కొలిచేందుకు నరాల వైద్యుడు కర్ట్‌జ్‌కీ 1983లో విస్తరించిన ఈడీఎస్ఎస్ కొలమానంలో సాయం లేకుండా, ఆగకుండా సుమారు 500 మీటర్లు నడిస్తే 4. 100 మీటర్లకే చేతికర్ర కావాలంటే 6. తర్వాత పాతిక అడుగుల నడకకు స్టాప్‌వాచీ పట్టే పరీక్ష వచ్చింది. చవక, తేలిక కాబట్టి ఇవి నిలిచాయి, ఈనాటికీ పనికొస్తున్నాయి. కానీ ఎంత దూరం, ఎంతసేపు అన్నదే ఇవి చెబుతాయి, ఎలా నడిచారో చెప్పవు. కొందరికి కాసేపు నడిచాకే అలసటతో పాదం వేలాడి, కాలివేళ్లు నేలను రాసుకుంటాయి. పాతిక అడుగుల్లో ఆ లోపం బయటపడకపోవచ్చు.

1990లలో కార్ల ఎయిర్‌బ్యాగ్‌ల కోసం చవకగా తయారైన త్వరణ సెన్సర్ల పరంపరే నేడు నడుముకు, చీలమండలకు కట్టుకునే స్థాయికి చేరింది. అనుభవమున్న న్యూరాలజిస్టు కంటికి నడకలోని లోపాలు కనబడవా అని అడగవచ్చు. కనబడతాయి, కానీ పరీక్ష గదిలో, ఆ కొద్ది నిమిషాలే. నిరుటి నడకను జ్ఞాపకంతో ఇవాళ్టి నడక పక్కన పెట్టి పోల్చడం ఎవరికైనా కష్టం. సెన్సర్ నమోదు చేసే ఇంటి దగ్గరి నడక ఎండను, పనిని బట్టి మారిపోతుంది కదా అన్నది మరో అభ్యంతరం. వేడికి మల్టిపుల్ స్క్లీరోసిస్ లక్షణాలు పెరుగుతాయి కాబట్టి ఆ మార్పే నమోదు కావాలి. ఈ సెన్సర్ల అసలు బలహీనత వేరే ఉంది. ఆరోగ్యవంతుల నడకను బట్టి తయారైన పరికరాలు కర్ర ఊతంతో మెల్లగా వేసే అడుగులను తప్పుగా లెక్కించవచ్చు. అలాంటి పరికరం చూపే అంకెను మాత్రమే పట్టుకుని మందులు మార్చకండి. దాన్ని డాక్టరుకు చూపించండి, పరీక్ష చేయించుకోండి.