శ్రవణగ్రంథములు – పాలమూరు, నల్లగొండ కథకులు

ఆత్మకూరు ప్రాంతమున సాహిత్యము కంటికంటె ముందు చెవికి దక్కినది. ఆత్మకూరు, గద్వాల సంస్థానముల కొలువులు తిరుపతి వేంకటకవుల పద్యములను వినెను. ఊరి రచ్చబండలు పన్నెండు మెట్ల కిన్నెరపై పండుగ సాయన్న కథను వినెను. కొలువున వినిపించిన పద్యము అచ్చెక్కినది. కిన్నెర కథ చిరకాలము నోటనే నిలిచినది. ఆ కిన్నెర వాయించు దర్శనం మొగులయ్యకు పద్మశ్రీ లభించుటకు 2022వ సంవత్సరము రావలసివచ్చెను.

1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన పిదప తెలంగాణమున గ్రంథాలయోద్యమము వ్యాపించెను. చదువ నేర్చినవాడు పత్రికను బిగ్గరగా చదువగా నలుగురు చుట్టును కూర్చుండి వినుట నాటి పఠనమందిరములలో సామాన్యమైన ఆచారము. 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించిన నల్లగొండ బిడ్డ వట్టికోట ఆళ్వారుస్వామి పుస్తకములను మోసికొని ఊరూర తిరిగెను. అంతకు ముందే, తెలంగాణమున కవులు లేరన్న మాటకు, పాలమూరు సీమకు చెందిన సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. వాదముకంటె పేర్ల పట్టికయే బలమైన ప్రత్యుత్తరమయ్యెను.

అట్టి పట్టిక అవసరము నేడు మరియొక రూపమున వచ్చినది. 1877లో ఎడిసన్ కనిపెట్టిన ధ్వనియంత్రమునుండి, 1934లో అమెరికా గ్రంథాలయములు అంధులకు పంచిన మాటాడు పుస్తకములమీదుగా, శ్రవణగ్రంథము నేడు చేతి ఫోనులోనికి చేరినది. తెలుగున దాసుభాషితము, హర్షణీయము వంటివి కథలను వినిపించుచున్నవి. 2011 జనగణన నాటికి ఉమ్మడి మహబూబ్‌నగరు జిల్లాలో అక్షరాస్యులు సుమారు 55 శాతమే యగుటచే, ఇది ఇచ్చట విలాసవస్తువు కాదు. అయినను పేరుమోసిన నవలాకారులు పిలువకయే పలుకుదురు. ఈ నేల కథకులను వెదకి తెచ్చుకొనవలయును.

వారిలో మొదట వినదగినది బిజినాపల్లిలో జన్మించిన పాకాల యశోదారెడ్డి గారి ‘మా ఊరి ముచ్చట్లు’. 1973లో వెలువడిన ఆ కథలు పాలమూరు యాసలో నడచును. అచ్చులో చదువరి తడబడు మాట చెవికి సోకినంతనే ఇంటిమాట యగును. కాని చదువు గొంతు ఈ ప్రాంతపుదే కావలయును. నగరపు ప్రసంగధోరణిలో చదివించినచో కథ దక్కునేమో గాని ఊరు దక్కదు. చౌటుప్పలు చెంత జన్మించిన బోయ జంగయ్య దళితవాడల బ్రతుకును, నల్లగొండ రచయిత స్కైబాబ ‘అధూరె’ కథలలో పేద ముస్లిముల ఇండ్లను చూపిరి. గోగు శ్యామల గారి ‘ఏనుగంత తండ్రికన్నా ఏకులబుట్టంత తల్లి నయం’ మాదిగవాడ కన్నులతో ఊరిని చూచును. 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారము పొందిన రమేశ్ కార్తీక్ నాయక్ కథాసంపుటి ‘ఢావ్లో’ తండాల లోపలిది. దానిని లంబాడీ గొంతు చదువుటయే ఉచితము.

అన్నియు ధ్వనిరూపమున సిద్ధముగా దొరకవలెనన్న నియమము లేదు. దొరకనివానిని గ్రంథాలయమే చదివించుకొనవచ్చును. చూపులేనివారికొరకు లాభాపేక్ష లేక ధ్వనిముద్రణ చేయుటకు 2012లో సవరింపబడిన కాపీరైటు చట్టము వీలొసగినది. 2013 నాటి మరాకేష్ ఒడంబడికను అన్ని దేశములకంటె ముందుగా ధ్రువపరచినది భారతదేశమే. తక్కిన శ్రోతలకొరకైనచో రచయితయొక్కయో, వారసులయొక్కయో అనుమతి వలయును. బాల్యమున దేవరకొండలో పెరిగి, 1902లో ‘ధనత్రయోదశి’ని వ్రాసిన భండారు అచ్చమాంబ 1905లో పరమపదించెను గనుక, ఆమె కథలకు ఎవరి అనుమతియు నక్కరలేదు. ధ్వనిముద్రణ అచ్చటినుండి ఆరంభింపవచ్చును.