రన్నరప్ పేరు కూడా చదవాలి

ఆసియా జూనియర్ బ్యాడ్మింటన్ చాంపియన్‌షిప్ పాత విజేతలు మన పత్రికలకు గుర్తొచ్చేది మనవాళ్లెవరైనా గెలిచిన రోజునే. 2018 జూలైలో జకార్తాలో లక్ష్య సేన్ బాలుర సింగిల్స్ గెలిచినప్పుడు అందరూ ఒకే లెక్క రాశారు: 1965లో గౌతమ్ ఠక్కర్, 2012లో పీవీ సింధు, ఇప్పుడు లక్ష్య, బాలుర వరకైతే 53 ఏళ్ల నిరీక్షణ. లెక్క తప్పు కాదు గానీ అందులో ఓ మెలిక ఉంది. ఇప్పుడు జరుగుతున్న పోటీల వరస 1997లో మొదలైంది. ఠక్కర్ గెలుపు అంతకు చాలా ముందటిది, లక్నోలో దినేష్ ఖన్నా ఆసియా సీనియర్ టైటిల్ కొట్టిన ఏడాది నాటిది. రెంటినీ ఒకే గాటన కట్టి 53 ఏళ్లు అంటే, ఏటా వెళ్లి 53 సార్లు ఓడి వచ్చామన్నట్టు వినిపిస్తుంది. పతకాల పద్దుగా చదివినంతకాలం ఈ విజేతల పట్టిక ఇలాగే పక్కదారి పట్టిస్తుంది. విజేత పేరు దగ్గర ఆగిపోకుండా ఫైనల్లో ఓడినవారి పేరు కూడా కలిపి చదివితేనే దానిలోని అసలు చరిత్ర బయటపడుతుందని నా వాదన.

2012 జూలై 7న దక్షిణ కొరియాలోని గిమ్‌చియాన్‌లో జరిగిన బాలికల ఫైనల్ చూడండి. సింధుకు పదిహేడేళ్లు నిండి రెండు రోజులైంది. అవతల నొజోమి ఒకుహరా, ఆమెదీ 1995 పుట్టుకే. తొలి గేమ్ 18-21తో పోయింది, రెండోది 21-17తో వచ్చింది, మూడోది 22-20 దాకా సాగింది. మనకు ఇది సింధు గెలుపు కథ. అదే ఏడాది ప్రపంచ జూనియర్ టైటిల్ మాత్రం ఒకుహరాది. నాలుగేళ్లకు రియో ఒలింపిక్స్ సెమీస్‌లో మళ్లీ వీళ్లిద్దరే. సింధుకు రజతం, ఒకుహరాకు కాంస్యం దక్కాయి. 2017లో గ్లాస్గోలో ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్ 110 నిమిషాలు నడిచింది. రెండో గేమ్ చివర 73 షాట్ల ర్యాలీ ఆడి ఇద్దరూ నిలబడలేని స్థితికి వచ్చారు. 21-19, 20-22, 22-20తో కప్పు ఒకుహరాది. రెండేళ్ల తర్వాత బాసెల్‌లో అదే ఫైనల్‌ను సింధు 21-7, 21-7తో ముగించింది. గిమ్‌చియాన్ ఫలితం వీటిలో దేన్నీ ముందే చెప్పలేదు. ఎవరికి ఎవరు అడ్డు నిలవబోతున్నారో మాత్రం అక్కడే తేలిపోయింది.

ఒక్క జంటను పట్టుకుని సూత్రం చేస్తున్నావని ఎవరైనా అనవచ్చు. సరే, జకార్తా ఫైనల్ తీసుకుందాం. లక్ష్య 21-19, 21-18తో ఓడించింది థాయ్‌లాండ్ కుర్రాడు కున్లావుత్ వితిద్సర్న్‌ను. ఆ ఓడిన కుర్రాడే 2017 నుంచి 2019 వరకు వరసగా మూడుసార్లు ప్రపంచ జూనియర్ చాంపియన్. 2023లో సీనియర్ ప్రపంచ టైటిల్ గెలిచాడు. ఆ దారిలో ప్రిక్వార్టర్స్‌లో లక్ష్యనే దాటాడు. పారిస్ ఒలింపిక్స్‌లో అతనికి రజతం, లక్ష్యకు నాలుగో స్థానం. ప్రపంచ జూనియర్ పోటీల్లోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది: 2006లో ఇంచియాన్ ఫైనల్లో సైనా నెహ్వాల్‌ను ఓడించిన వాంగ్ యిహాన్, 2012 లండన్ సెమీస్‌లోనూ ఆమెను ఆపింది. దీనికి కారణం వింతేమీ కాదు. పందొమ్మిదేళ్ల లోపు అన్న గీత వల్ల ఒకే ఈడువాళ్లు అక్కడ చేరతారు. అందులో మిగిలినవాళ్లు ఆ తర్వాత పదేళ్లు అవే టోర్నీల్లో, అవే డ్రాల్లో ఒకరికొకరు తగులుతుంటారు.

మిగిలినవాళ్లు అన్నాను; అసలు చిక్కు అక్కడే ఉంది. 2011 లక్నో పోటీల్లో రజతం తెచ్చిన సమీర్ వర్మ మంచి ఆటగాడే, అయినా ఒలింపిక్స్ దాకా వెళ్లలేదు. అదే ఏడాది ప్రపంచ జూనియర్ ఫైనల్లో విక్టర్ అక్సెల్‌సెన్‌ను మూడు గేముల్లో ఓడించిన మలేసియా కుర్రాడు జుల్ఫాద్లి జుల్కిఫ్లి మీద 2018లో మ్యాచ్ ఫిక్సింగ్ నేరానికి ఇరవై ఏళ్ల నిషేధం పడింది. అక్సెల్‌సెన్ రెండు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచాడు. కాబట్టి పట్టికలోని ప్రతి ఫైనలిస్టూ ముందుకు వెళ్తాడని నేను అనను. అయితే ఈ ఉదాహరణలు నా వాదనకన్నా విజేతల పేర్లనే జోస్యంగా నమ్మే అలవాటును ఎక్కువ దెబ్బతీస్తాయి. అకాడమీ ప్రకటనల్లోనూ ప్రభుత్వ నజరానాల్లోనూ ఇప్పటికీ బలంగా ఉన్నది ఆ అలవాటే.

గెలుపుకు విలువే లేదా అంటే, ఉంది. గచ్చిబౌలిలో గోపీచంద్ దగ్గర తయారైన సింధు గిమ్‌చియాన్ తర్వాత రెండు నెలలకే చైనా మాస్టర్స్ క్వార్టర్స్‌లో, అప్పుడే లండన్ స్వర్ణం మెడలో వేసుకుని వచ్చిన లీ షురుయ్‌ను 21-19, 9-21, 21-16తో ఓడించింది. జూనియర్ స్థాయి ఆమెకు అప్పటికే చిన్నదైపోయిందని ఆ గెలుపు చెబుతోంది, దాన్ని కాదనలేం. కాకపోతే ఆ టోర్నీ సెమీస్‌లో జియాంగ్ యాంజియావో చేతిలో మూడు గేముల్లో ఓడింది.