బెలూన్ ఆటలో పోయిన ఉద్యోగం, సి.ఆర్. రావు గారు చూపించిన హద్దు

మాది గుడివాడ. బీటెక్ ఫైనలియర్‌లో ఒక కంపెనీ మాతో ఆన్‌లైన్‌లో ఆటలు ఆడించింది. స్క్రీన్ మీద ఒక బెలూన్. నొక్కేకొద్దీ గాలి పెరుగుతుంది, దాంతోపాటు డబ్బులూ పెరుగుతాయి. పేలిందా, సున్నా. ఇరవై బెలూన్లయ్యాక మెయిల్ వచ్చింది, మీరు సెలెక్ట్ కాలేదని. కారణం లేదు. మొన్న మా తమ్ముడికీ అలాంటి ఆటే, అలాంటి మెయిలే. "నేను దేనికీ పనికిరానా అన్నయ్యా?" అన్నాడు. ఈ ఎపిసోడ్ వాడి కోసం.

ఆటపెట్టి మనుషుల్ని ఎంచుకోవడం కొత్తేం కాదు. 1942 జనవరిలో లండన్‌లో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక 12 నిమిషాల క్రాస్‌వర్డ్ పోటీ పెట్టింది. అందులో పాల్గొన్న కొందరికి తర్వాత రహస్య సందేశాలు విప్పే పనికి పిలుపొచ్చింది. బెలూన్ ఆట మాత్రం 2002లో అమెరికా సైకాలజిస్టులు రిస్క్ తీసుకునే గుణాన్ని కొలవడానికి తయారుచేసిన పరీక్ష. ఉద్యోగాల్లోకి తర్వాత వచ్చింది.

ఇప్పుడు మన వైపు వద్దాం. గుడివాడ నుంచి హనుమాన్ జంక్షన్ మీదుగా వెళ్తే నూజివీడు. చిన్నప్పుడు అక్కడ కొంతకాలం చదివిన కుర్రాడే కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎం.ఏ. ఫస్ట్ క్లాస్‌లో పాసై, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లారు. రాలేదు! దిగిన హోటల్లో స్టాటిస్టిక్స్ నేర్చుకోడానికొచ్చిన ఒకాయన పరిచయమై, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ గురించి చెప్పారు. 1941 జనవరిలో రావు గారు అందులో చేరారు.

నాలుగేళ్లకి, 1945లో, ఆయన రాసిన ఒక పేపర్లోదే ఇవాళ ప్రపంచం క్రామర్–రావు హద్దు అంటున్నది. మన భాషలో చెప్తే, చేతిలో ఉన్న డేటాలో ఎంత సమాచారం ఉందో అంతే ఉంది. ఎటూ మొగ్గని అంచనా వేయాలంటే, లెక్క ఎంత తెలివిగా కట్టినా పొరపాటు ఒక హద్దు కంటే తగ్గదు. ఇరవై బెలూన్లతో వచ్చే పొరపాటు సగం కావాలంటే మామూలుగా ఎనభై బెలూన్లు కావాలి. అప్పుడైనా తెలిసేది బెలూన్ దగ్గర మనిషి తీరే. ఆఫీసులో పని తీరు తెలియాలంటే వేరే రుజువు ఉండాలి.

ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పరిశోధకులు ఇలాంటి ఆటల మీద సర్వేలు చేసి, ఆట నచ్చడానికీ, కంపెనీ మీద నమ్మకానికీ, అప్లై చేయాలన్న కోరికకీ మధ్య బాణాలు గీసి మోడల్ కడతారు. ఎక్కడైనా బాణం తప్పిపోయిందా అని చూసే పద్ధతికి మూలం రావు గారి 1948 నాటి స్కోర్ టెస్ట్. కానీ ఆట నచ్చిందని తేలినంత మాత్రాన, అది మనిషిని సరిగ్గా కొలిచినట్టు కాదు.

రావు గారికి 2023లో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో, 102 ఏళ్ల వయసులో, వెళ్లిపోయారు.

ఒరేయ్ తమ్ముడూ, ఆ మెయిల్ నీ గురించి చెప్పింది ఇరవై బెలూన్లంతే. మిగతాది వాళ్లకి తెలీదు.

ఉంటానండి, మళ్లీ కలుద్దాం.