కెనడా వెళ్లేవారికి ఆరోగ్య బీమా: ఒంటారియోలో కార్డు పొందడమెలా?

ఉద్యోగం, శాశ్వత నివాసం నిమిత్తం కెనడా వెళ్లే తెలుగువారిలో పలువురు ఒంటారియో రాష్ట్రంలోని టొరంటో, బ్రాంప్టన్, మిస్సిసాగా ప్రాంతాల్లో స్థిరపడుతున్నారు. అక్కడ వైద్య ఖర్చులు అధికం. బీమా లేకుండా ఆసుపత్రిలో చేరితే కొద్ది రోజులకే బిల్లు లక్షల రూపాయలకు చేరుతుంది. అందువల్ల కొత్తగా అడుగుపెట్టిన కుటుంబం ముందుగా పూర్తిచేయవలసిన పనుల్లో ప్రభుత్వ ఆరోగ్య బీమా నమోదు ఒకటి. దీనినే ‘ఒహిప్’ అని వ్యవహరిస్తారు.

ఎవరు అర్హులు?
2007లో ఉమ్మడి రాష్ట్రంలో ప్రారంభమైన ఆరోగ్యశ్రీకి తెల్ల రేషన్‌కార్డు ప్రాతిపదిక. ఒహిప్‌కు ఆదాయంతో నిమిత్తం లేదు. చట్టబద్ధమైన హోదా, రాష్ట్రంలో నివాసం ఉంటే చాలు. కెనడా పౌరులు, శాశ్వత నివాస హోదా పొందినవారు అర్హులు. వర్క్ పర్మిట్‌పై వెళ్లినవారైతే ఒంటారియోలోని యజమాని వద్ద కనీసం ఆరు నెలల పాటు పూర్తికాల ఉద్యోగం చేస్తుండాలి. అట్టివారి జీవిత భాగస్వామికి, వారిపై ఆధారపడిన పిల్లలకు కూడా బీమా వర్తిస్తుంది.

విదేశీ విద్యార్థులకు ఒహిప్ వర్తించదు. విశ్వవిద్యాలయాల్లో చేరేవారికి ‘యూహిప్’ అనే ప్రత్యేక బీమా ఉంది. కళాశాలల్లో చేరేవారు ఆయా సంస్థలు సూచించిన ప్రైవేటు బీమా తీసుకోవాలి. చదువు ముగిశాక వర్క్ పర్మిట్ పొంది, పై నిబంధన మేరకు ఉద్యోగంలో చేరినవారు ఒహిప్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు.

వేచి ఉండాలా?
గతంలో ఒంటారియోకు కొత్తగా వచ్చినవారు మూడు నెలలు వేచి ఉండవలసి వచ్చేది. 2020 మార్చిలో, కోవిడ్ సమయంలో ఆ నిబంధనను తొలగించారు. అయితే ఈ సౌలభ్యం అన్ని రాష్ట్రాల్లో లేదు. బ్రిటిష్ కొలంబియాలో చేరిన నెలలో మిగిలిన రోజులు, ఆపై మరో రెండు నెలలు ఆగాలి. అక్కడికి వెళ్లేవారు ఆ వ్యవధికి ప్రైవేటు బీమా తీసుకోవడం శ్రేయస్కరం.

దరఖాస్తు విధానం
‘సర్వీస్ ఒంటారియో’ కేంద్రానికి స్వయంగా వెళ్లి దరఖాస్తు పత్రం సమర్పించాలి. ఎలాంటి రుసుము లేదు. మూడు వేర్వేరు పత్రాలు చూపాలి.
1. పౌరసత్వం లేదా వలస హోదాను తెలిపే పత్రం: శాశ్వత నివాస కార్డు, వర్క్ పర్మిట్ వంటివి.
2. ఒంటారియో చిరునామాను ధ్రువీకరించే పత్రం: అద్దె ఒప్పందం, బ్యాంకు ఖాతా వివరణ, జీతం చీటీ వంటివి.
3. గుర్తింపు పత్రం: పాస్‌పోర్టు వంటిది.

అన్నీ అసలు ప్రతులే కావాలి, నకళ్లు చెల్లవు. వర్క్ పర్మిట్‌పై ఉన్నవారు ఉద్యోగ వివరాలు, కాలపరిమితి తెలుపుతూ యజమాని సంతకంతో ఇచ్చిన లేఖను జతచేయాలి. పదిహేనున్నర ఏళ్లు నిండినవారికి కేంద్రంలోనే ఫొటో తీస్తారు. కార్డు తపాలాలో ఇంటికి వస్తుంది. కొత్తవారికి చిక్కు వచ్చేది సాధారణంగా రెండో పత్రం వద్దే. బంధుమిత్రుల ఇంట దిగినవారి పేరిట అద్దె ఒప్పందం ఉండదు. కావున చేరిన వెంటనే ఆ చిరునామాతో బ్యాంకు ఖాతా తెరవడం ఉపయుక్తం.

మరువరాని నిబంధన
రాష్ట్రంలో నివాసం ప్రారంభించిన తొలి 183 రోజుల్లో కనీసం 153 రోజులు అక్కడే ఉండాలి. అనగా తొలి ఆరు నెలల్లో స్వదేశంలో పెళ్లిళ్లు, పండుగలకు వచ్చినా మొత్తం 30 రోజులకు మించరాదు. ఆ తర్వాత కూడా ఏ 12 నెలల వ్యవధిలోనైనా 153 రోజులు రాష్ట్రంలో ఉండాలి. చిరునామా మారితే 30 రోజుల్లోగా తెలియజేయాలి.

ఏవి వర్తిస్తాయి?
వైద్యుని సంప్రదింపులు, ఆసుపత్రి చికిత్స, శస్త్రచికిత్సలు, వైద్యపరంగా అవసరమైన పరీక్షలు ఉచితం. ఆసుపత్రి వెలుపల కొనే మందులు, కళ్లద్దాలు, సాధారణ దంత వైద్యం పెద్దలకు వర్తించవు. మన వద్ద 108 వాహనం ఉచితం కాగా, అక్కడ కార్డు ఉన్నవారు సైతం అంబులెన్సుకు 45 డాలర్లు చెల్లించాలి. నెలవారీ ప్రీమియం లేకపోయినా, పన్ను వర్తించే ఆదాయం ఏటా 20 వేల డాలర్లు దాటినవారి నుంచి ఆదాయపు పన్నుతోపాటు గరిష్ఠంగా 900 డాలర్ల ఆరోగ్య ప్రీమియం వసూలు చేస్తారు.

తల్లిదండ్రుల విషయంలో జాగ్రత్త
పిల్లల వద్దకు, కాన్పులకు సాయంగా వెళ్లే తల్లిదండ్రులు సందర్శకులే అవుతారు. వారికి ఒహిప్ వర్తించదు. కోవిడ్ కాలంలో బీమా లేనివారి ఆసుపత్రి ఖర్చును సైతం ఒంటారియో ప్రభుత్వం భరించింది. ఆ వెసులుబాటు 2023 మార్చి 31తో ముగిసింది. సూపర్ వీసాపై వెళ్లేవారికి ఏడాది కాలానికి కనీసం లక్ష డాలర్ల వైద్య బీమా తప్పనిసరి. సాధారణ సందర్శక వీసాకు ఈ నిబంధన లేకపోవడంతో కొందరు బీమా లేకుండానే ప్రయాణమవుతున్నారు. మధుమేహం, రక్తపోటు, గుండె జబ్బులు ఉన్నవారు పాలసీ కొనే ముందే ఆ వివరాలు వెల్లడించాలి. దాచిపెడితే పరిహారం తిరస్కరణకు గురయ్యే ప్రమాదం ఉంది. పాత వ్యాధులకు పాలసీ ఏ మేరకు వర్తిస్తుందో టికెట్టు కొనకముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి.