పాత పంచాంగాల కట్ట

ఆగరా బుజ్జీ, ఆ కట్ట మంటలో వెయ్యకు. ఇలా ఇయ్యి. పాత పంచాంగాలేనని నాకూ తెలుసు, అయినా ఇలా ఇయ్యి. ఆ విరిగిన కుర్చీ, తాటాకులు, చెదలు పట్టిన తలుపుచెక్క, అవన్నీ నీ ఇష్టం. భోగి ఉన్నదే అందుకు. కాగితం మాత్రం నేను చూశాకే వెయ్యాలి. మీ నాయనమ్మ నవ్వితే నవ్వనీ. పాతికేళ్లు ఊళ్లోవాళ్ల బీరువాలూ చెత్తబుట్టలూ వెతికి జీతం పుచ్చుకున్నవాణ్ణి. ఈ జబ్బు ఇప్పుడు పొమ్మంటే పోతుందా?

బావగారూ, కాస్త ఇటు జరగండి, పొగ మీ వైపే తిరుగుతోంది. తాతయ్య అమెరికాలో కోర్టు ఉద్యోగం చేశాడనే ఈ పిల్లలకి తెలుసు. కోటు వేసుకుని జడ్జిగారి ముందు నిలబడేవాణ్ణనుకుంటున్నారు. కోటు కంటే రబ్బరు బూట్లు వేసుకున్న రోజులే ఎక్కువ.

1972లో మీ నాయనమ్మకి కాలిఫోర్నియాలో నర్సు ఉద్యోగం వచ్చింది, వెనకాల నేను వెళ్లాను. ఇక్కడ చదివిన లా అక్కడ చెల్లదన్నారు. కౌంటీ ఆఫీసులో, అంటే మన జిల్లా కచేరీ లాంటి దాంట్లో, గుమాస్తాగా చేరాను. 1981లో పబ్లిక్ గార్డియన్ ఆఫీసుకి మార్చారు. ఆ పేరు మొదటిసారి వింటున్నప్పుడే నాకు మా తాతగారు గుర్తొచ్చారు. ఆయన కోర్టాఫ్ వార్డ్సులో గుమాస్తా. మీకు తెలీదు కదూ? మద్రాసు ప్రభుత్వంలో జమీందారు చనిపోయి వారసుడు పసివాడైతేనో, ఉన్న జమీందారుకి మతి చలిస్తేనో, ఆ ఎస్టేటు సర్కారు తన చేతుల్లోకి తీసుకునేది. 1804 నుంచీ ఆ రెగ్యులేషన్ ఉంది, 1902లో మళ్లీ చట్టం చేశారు. రెవెన్యూ బోర్డే ఆ కోర్టు, జిల్లాలో కలెక్టరే దాని ఏజెంటు. మా తాతగారి పని కోటలో వెండికంచాలు లెక్కపెట్టడం, దివిటీలు లెక్కపెట్టడం, ఏనుగు మేతకి పద్దు రాయడం. 1948లో జమీందారీలు రద్దుచేస్తూ చట్టం వచ్చాక ఆ ముచ్చట కాస్తా ముగిసింది. ముప్ఫై మూడేళ్ల తరవాత, భూగోళానికి అటువైపున, మనవడు అదే లెక్క మొదలుపెట్టాడు. కాకపోతే ఆయన జమీందార్లకి చేశాడు, నేను దిక్కులేనివాళ్లకి చేశాను.

దిక్కులేనివాళ్లంటే నిజంగా ఎవరూ లేనివాళ్లే కానక్కర్లేదు. కొందరికి పిల్లలుంటారు, పట్టించుకోరు. కొందరికి పట్టించుకునేవాళ్లుంటారు, ఆ పట్టించుకోవడమే ప్రాణాంతకం. మతిమరుపు ముదిరి తమ పేరు తాము రాయలేని పెద్దవాళ్లని డాక్టరు పరీక్షిస్తాడు, కోర్టు తరఫున ఒక ఇన్వెస్టిగేటరు వెళ్లి మాట్లాడతాడు, ఆ మనిషికి వకీలుంటాడు. ఇదంతా అయ్యాక, వేరే దారి లేకపోతే, జడ్జి మమ్మల్ని సంరక్షకులుగా వేస్తాడు. ఆ రోజు నుంచి వాళ్ల అద్దె మేం కట్టాలి, మందులకి మేం సంతకం పెట్టాలి, వాళ్లు ఎక్కడ ఉండాలో మేం చూడాలి.

పిచ్చి పట్టినవాళ్లకి వేరే చట్టం. 1967లో చేశారు, 1969లో అమల్లోకొచ్చింది. అంతకుముందు ఎవణ్ణయినా ఆస్పత్రిలో పడేస్తే ఏళ్ల తరబడి అక్కడే. ఈ చట్టంతో లెక్క కట్టేశారు. మొదట 72 గంటలు, తరవాత 14 రోజులు, ఆపైన సంరక్షకుడి కిందికి వస్తే ఏడాది. ఏడాది తిరిగేసరికి మళ్లీ కోర్టుకి వెళ్లి అడక్కపోతే రద్దే. కొలబద్ద ఏమిటనుకున్నారు? తిండి, బట్ట, నీడ. జబ్బు వల్ల ఈ మూడూ తనంతట తాను చూసుకోలేకపోవాలి. అచ్చంగా మన కూడు, గుడ్డ, గూడే! మనవాళ్లెవరో రాసిపెట్టినట్టుండేది నాకు. ఈమధ్యనే ఆ కొలబద్దని ఇంకా వెడల్పు చేశారట, ఒంటికి తగిలే అపాయం, వైద్యం కూడా చేర్చారు.

కావాలంటే ఆ మనిషి జ్యూరీని అడగొచ్చు. 12 మందీ ఒక్కమాట మీదుంటేనే మాకు అప్పజెబుతారు. ఒకాయన మీద మేం అడిగితే, బోనులో నిలబడి ఏ వారం ఏ చర్చిలో సూపు పోస్తారో, ఏ వంతెన కింద వాన పడదో, ఏ లాండ్రీ వెనకాల వేడిగాలి వస్తుందో గడగడా చెప్పాడు. ఆ ఊరి గురించి అంత నాకే తెలీదు. జ్యూరీ వదిలేసింది. బయటికొచ్చి నా దగ్గరే బస్సుకి డబ్బులడిగాడు. ఇచ్చాను, ఏం చేస్తాం!

ఇంటి సోదా సంగతి చెప్తా ఉండు, నీ మొహం చూస్తే అదే కావాలని తెలుస్తోంది.

ఒక్కడే ఎప్పుడూ వెళ్లకూడదు. ఇద్దరు వెళ్లాలి, ఇద్దరూ ఒకే గదిలో ఉండాలి. నువ్వు వంటగదీ నేను పడగ్గదీ అని పంచుకోవడానికి లేదు. ఎందుకో తెలుసుగా, రేపు ఉంగరం కనపడకపోతే ఎవర్ని అడుగుతారు? తాళాలు మార్చేవాణ్ణి ముందే పిలుస్తాం. తలుపు తియ్యగానే ఫొటోలు. ముక్కు కింద విక్స్ రాసుకుంటాం, ఆ వాసన చెప్పకూడదు, పండగపూట. నేను చూసిన ఒక ఇంట్లో రిటైరైన టీచరమ్మ ఒక్కతే ఉండేది, ఎనభై దాటిన మనిషి. గుమ్మం నుంచి పడగ్గది దాకా వార్తాపత్రికలు నా భుజం ఎత్తు. మధ్యలో మన పొలం గట్టు పాటి దారి. పక్కకి తిరిగి నడవాలి. ఆవిడ ఆస్పత్రిలో ఉంది, మేం మూడు రోజులు వెతికాం. ప్రతి పుస్తకం వెన్ను పట్టుకుని దులపాలి. ప్రతి కోటు జేబూ చూడాలి. సొరుగు లాగి అడుగుభాగం చూడాలి, అక్కడ టేపుతో అంటిస్తారు. ఫ్రీజరులో రేకు చుట్టిన పొట్లాలు, వాటిమీద పెన్సిలుతో 'చేప' అని చక్కటి టీచరు దస్తూరి. నా జతగాడు పారేద్దామన్నాడు. విప్పితే వందల నోట్లు, గడ్డకట్టి. చేప మాత్రం ఒక్కటీ లేదు. అక్కడే బల్ల మీద ఇద్దరం లెక్కపెట్టి, కవరులో పెట్టి, అతికించి, అతుకు మీద ఇద్దరం సంతకాలు పెట్టాం. మా తాతగారు వెండికంచాలు లెక్కపెట్టినట్టే!

కానీ డబ్బు దొరకడం కన్నా ఉత్తరాలు దొరకడం ముఖ్యం. పోస్టాఫీసుకి చెప్పి ఆ మనిషి టపా అంతా మా ఆఫీసుకి తిప్పిస్తాం. ఇక ఏమీ చెయ్యక్కర్లేదు, ఏడాది కూర్చుంటే చాలు. జనవరి, ఫిబ్రవరుల్లో పన్నుల కాగితాలొస్తాయి, ఏ బ్యాంకులో ఎంత వడ్డీ వచ్చిందో వాటంతట అవే చెప్తాయి. ఇన్సూరెన్సువాడు నోటీసిస్తాడు. డిసెంబరులో క్రిస్మస్ కార్డులొస్తాయి, వాటి మీద ఊరూ పేరూ ఉంటుంది. చుట్టాలెవరూ లేరన్న మనిషికి అలా ఓ మేనకోడల్ని పట్టుకున్నాను. బతికే ఉందా మా అత్త అని ఫోనులో ఏడ్చేసింది.

చెక్కుపుస్తకం ఇంకో ముచ్చట. సంతకం పెద్దవాళ్లది, వణుకుతూ ఉంటుంది. మొత్తం, పేరు మాత్రం వేరే చెయ్యి, గుండ్రంగా, తీరిగ్గా. అది చూశామంటే వెంటనే బ్యాంకుకి మా ఆఫీసు ధ్రువపత్రం ఇచ్చి లావాదేవీ ఆపించేవాళ్లం. ఆ గుండ్రటి చెయ్యి ఎవరిదని వెతుక్కుంటూ వెళ్తే పదిసార్లలో చాలాసార్లు వంటచేసిపెట్టే మనిషో, కన్నకొడుకో తేలేవారు. కొడుకుల్లో ఏడ్చినవాళ్లున్నారు, నా కాలరు పట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

తాతయ్యా, బ్రిట్నీ స్పియర్స్‌కి జరిగింది ఇదేనా అంటావా? నాకు తెలుసు నువ్వు అడుగుతావని. మతిమరుపు పెద్దవాళ్లకి చెప్పానే, ఆ చట్టమే, మా ఆఫీసు కాదు. తండ్రే అడిగి సంరక్షకుడయ్యాడు, 2008 నుంచి 2021 నవంబరు దాకా నడిచింది. కోట్లు సంపాదిస్తూ వేదికల మీద పాడే మనిషికి కాఫీకి వెళ్లే స్వతంత్రం లేకపోవడమేమిటో నాకిప్పటికీ అర్థం కాదు. కంచే చేను మేసినట్టు! అది కొత్త కాదు. 1987లో అసోసియేటెడ్ ప్రెస్ విలేఖర్లు దేశమంతా తిరిగి 2,200 పైగా ఫైళ్లు చదివి, సంరక్షకులు లెక్కలు చెప్పట్లేదు, కోర్టులు అడగట్లేదు అని రాశారు. ఆ వారం మా ఆఫీసులో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. 2005లో లాస్ ఏంజెలెస్ టైమ్స్‌ వాళ్లు డబ్బు తీసుకుని ఈ పని చేసే ప్రైవేటువాళ్ల మీద రాశారు, ఆ దెబ్బకి మరుసటేడు కాలిఫోర్నియాలో చట్టం మార్చి వాళ్లకి లైసెన్సులు పెట్టారు. నేనూ ఆ ఏడే రిటైరయ్యాను.

మేం మేశామా అంటే, డబ్బు మెయ్యలేదు. కానీ చెప్తా వినండి, ఇది నేను మీ నాయనమ్మకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

పోర్చుగీసు ముసలాయన ఒకడు. వాళ్ల దీవుల నుంచి వచ్చి అక్కడి లోయలో పాడి పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పెళ్లాం పోయింది, పిల్లల్లేరు, ఆవులు ఎప్పుడో అమ్మేశాడు, మతి పోతూ ఉంది. పొయ్యి వెలిగించి మరిచిపోయి ఇంటికి నిప్పు పెట్టుకున్నంత పనిచేశాడు. కోర్టు మాకు అప్పజెప్పింది. సంరక్షకుణ్ణి వేసిన 90 రోజుల్లో ఆస్తి జాబితా కోర్టులో పెట్టాలి, ధరతో సహా. ఇల్లు ఇంత, ట్రాక్టరు ఇంత, పాలు పితికే మిషన్లు తుక్కు కింద ఇంత. కొట్టంలో ఒక మూల గోడ క్యాలెండర్లు ఉన్నాయి, దాణా కొట్టువాడు ఏటా ఊరికే ఇచ్చేవి. నలభై దాకా ఉంటాయి, దారంతో కట్టి. ప్రతి తేదీ గడిలో పెన్సిలుతో ఏవో అంకెలు, ఒకటో రెండో పోర్చుగీసు మాటలు. నా జతగాడు చదవమంటే నేను చదివాను, 'పాత కాగితాలు, ధర సున్నా'. ఇల్లు ఖాళీచేసేవాళ్లు సాయంత్రానికి లారీలో వేసుకుపోయారు. రూలు తప్పలేదు, పద్దు తప్పలేదు. ఆ లెక్కని ఏ ఆడిటరూ తప్పు పట్టలేడు.

ఆయన్ని చేర్పించిన హోముకి నెల తరవాత వెళ్లాను. నన్ను గుర్తుపట్టలేదు. కానీ కిటికీలోంచి చూస్తూ, నిన్న వాన ఎంత పడింది అన్నాడు. తెలీదన్నాను. రాసిపెట్టుకోలేదా అన్నాడు. నా క్యాలెండర్లు తీసుకురా, చూసి చెప్తాను అన్నాడు. అప్పుడు తెలిసింది ఆ అంకెలేమిటో. రోజూ పడిన వాన, ఆ రోజు పాలు, ఏ ఆవు ఎప్పుడు ఈనింది, ఏ దూడ పోయింది. నలభై ఏళ్లది! పెళ్లాం పేరు ఉన్న గడులు కూడా ఉండి ఉంటాయి. ఆ మనిషికి నిన్నటి అన్నం గుర్తులేదు. ఆ క్యాలెండర్లు ఉన్న మూల మాత్రం గుర్తుంది. ఎక్కడ పెట్టావు అని, వెళ్లినప్పుడల్లా, మూడేళ్లు అడిగాడు. భద్రంగా ఉన్నాయి అని మూడేళ్లు అబద్ధమాడాను. ఏటా జనవరిలో ఒక కొత్త క్యాలెండరు, ఒక వానకొలత గొట్టం, ఒక పెన్సిలు తీసుకెళ్లేవాణ్ణి, నా జేబులోంచి. నర్సు గొట్టం చూసి చెప్తే రాసేవాడు. పాలు అని కూడా రాసేవాడు, ఎక్కడి పాలో! ఆయన పోయాక ఆ మూడు క్యాలెండర్లూ నేనే తెచ్చుకున్నాను. అవి ఏ జాబితాలోనూ లేవు, అడిగేవాళ్లూ లేరు. మన బీరువాలో ఉన్నాయి.

బావగారు అడిగేది నిజమే, మన దగ్గర అలాంటి ఆఫీసు లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం మైనర్లకే. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకి. మతిమరుపు ముదిరిన తండ్రి బ్యాంకు ఖాతా నడపాలంటే పిల్లలు హైకోర్టు దాకా పోవాల్సి వస్తోంది. ఆస్తి రాయించుకుని అన్నం పెట్టని కొడుకు మీదయితే 2007 చట్టం ఉంది. చూసుకుంటామన్న షరతు మీద ఇచ్చిన గిఫ్టు డీడునైతే రద్దుచేయించవచ్చు, ఆర్డీవో దగ్గరే విచారణ. మన ఊళ్లో ఎవరైనా వెళ్లారా? వెళ్లరు. పరువు. అక్కడివాళ్లకి పరువు లేదని కాదు, పక్కింటివాడు ఫోను చేస్తే ఆఫీసువాడు వచ్చి తలుపు కొడతాడు. ఇక్కడ పక్కింటివాడు గోడ మీంచి చూసి, వాళ్లింటి గొడవ మనకెందుకు అని లోపలికి పోతాడు. సరే, నేను మాత్రం ఏం ఉద్ధరించాను, మా నాన్న ఇక్కడ ఒక్కడూ ఉంటే నేను అక్కడ ఎవరి నాన్నకో సంతకాలు పెడుతున్నాను.

ఏదీ ఆ కట్ట. దారం తెగిపోయేట్టుంది, మెల్లిగా. మీ ముత్తాతవి. ఇది సౌమ్య, ఇది పింగళ. చూడు, అంచుల్లో అంతా కాపీయింగు పెన్సిలు, తడి తగిలిన చోట ఊదారంగు. కళ్లజోడు ఇలా ఇయ్యి. 'నల్లగేదె ఈనింది, పెయ్య.' చూశావా! 'ఎరువు నాలుగు బస్తాలు, బాకీ.' ఇక్కడ కార్తీకమాసం. పింగళ అంటే 1977, దివిసీమ ఉప్పెన వచ్చిన నవంబరు. మనకి తెనాలి ఇవతల సముద్రం రాలేదు కానీ గాలి వచ్చింది. ఏం రాశాడో... 'రాత్రంతా గాలి. వరి మొత్తం పడిపోయింది. కొట్టం కప్పు లేచిపోయింది. పెద్దాడికి రాయాలి.'

పెద్దాణ్ణి నేనే. ఉత్తరం వచ్చింది కూడా, నాకు గుర్తుంది, నీలం ఏరోగ్రాం. ఇక్కడ అందరం క్షేమం, గాలివాన మన వైపు అంతగా లేదు, నువ్వు బెంగపడకు అని రాశాడు.

పొద్దెక్కుతోంది. ఆ కుర్చీ వెయ్యరా మంటలో. ఉండుండు, దానికి సొరుగేం లేదుగా?